దిష్టాకు

ఎదురు ఫ్లాట్‌లో ఉండే ఫ్రెంచావిడ నాతో అన్న మొదటి తెలుగు మాట "ఒసే". ఒక ఉదయం లిఫ్టు దగ్గర ఎదురుపడి, ఎంతో మర్యాదగా, "గుడ్ మార్నింగ్, ఒసే" అంది. తర్వాత తెలిసింది, అది నా పేరనుకుందట. తప్పు ఆవిడది కాదు. మా మేనత్త నరసాపురం పక్కన ఉన్న మా ఊరినుంచి రోజూ వీడియో కాల్ చేస్తుంది. దూరం ఎక్కువ కాబట్టి గట్టిగా అరవాలని ఆవిడ నమ్మకం. "ఒసే, ఏం చేస్తున్నావే?" అన్న కేక మా హాల్లో బయల్దేరి, తలుపు దాటి, కారిడార్ అంతా తిరిగొస్తుంది. నెలల తరబడి ఆ కేక విన్న మనిషి అది నా పేరు కాక ఇంకేమనుకుంటుంది?

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక ఆవిడని కాఫీకి పిలిచాను. ఆ రోజు పిలవకపోయినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, నిజం చెప్పాలంటే ఆ కాఫీ చాలా బాగా కుదిరింది.

మేముండేది ఖతర్‌లో, దోహా పక్కన ఉన్న అల్ వుకైర్‌లో. మా ఆయన పొద్దున్నే వెస్ట్ బేలోని ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం ట్రాఫిక్‌నంతా తిట్టుకుంటూ తిరిగొస్తారు. నేను ఒక స్కూలు ఆఫీసులో కొన్నాళ్ళు పనిచేసి మానేశాను. ఏసీ చప్పుడు తప్ప మరో చప్పుడు లేని ఇంట్లో పగలంతా నాకు తోడు లేసు సూది. మా గోదావరి చివరి ఊళ్ళ ఆడవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్త కాదు. అరుగు మీద కూర్చుని, నోటితో ఊరి కబుర్లు, చేత్తో లేసు. చూపు పనిమీద ఉండక్కర్లేదు. కొక్కెం ఉన్న ఆ చిన్న సూది, ఒక దారం ఉండ ఉంటే చాలు. నాకు ఈ పని నేర్పింది మా మేనత్త. తప్పు చేస్తే సూది వెనకవైపుతో వేళ్ళమీద కొట్టి మరీ నేర్పింది.

కాఫీకి వచ్చినావిడ సోఫా మీద నేను వదిలేసిన లేసు చూసి కప్పు పక్కన పెట్టేసింది. "మా అమ్మమ్మ!" అంది. అంతే. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నేనూ కరిగిపోయాను. నా బలహీనత అదే, ఎవరైనా అమ్మమ్మని తలుచుకుని ఏడిస్తే వాళ్ళకి నా ఇంటి తాళాలు కూడా ఇచ్చేస్తాను.

ఆవిడ ఇక్కడ ఒక బడిలో ఫ్రెంచి చెప్పేది. ఒక్కతే ఉండేది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి. ఆవిడ ఊరు ఫ్రాన్సులో ఎక్కడో కొండల మధ్య. పేరు చెప్పింది గానీ నాకు నోరు తిరగలేదు. ఇళ్ళన్నీ రాతి గోడలు, పైన పలకరాతి కప్పులు. ఒకప్పుడు బడి ఉండేది, రొట్టెల కొట్టు ఉండేది. రెండూ మూతపడ్డాయి. ఇంకా నిలబడి ఉన్నవి ఒక చిన్న చర్చి, ఊరందరికీ కలిపి కట్టిన ఒక రొట్టెల పొయ్యి, ఒక రేవు.

రేవంటే ఏటి ఒడ్డు కాదు. పైన కప్పు, కింద రాతి తొట్టి, తొట్టి చుట్టూ ఏటవాలు రాళ్ళు. ఊటనీళ్ళు ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోతుంటాయి. ఊళ్ళో ఆడవాళ్ళంతా చెక్కపెట్టెల్లో గడ్డి పరుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఇంటి బట్టలు అక్కడే ఉతుక్కునేవారట. ముందు బూడిద నీళ్ళలో ఉడకబెట్టి తెచ్చేవారట. మా వైపు చాకలిరేవులోనూ ఒకప్పుడు బూడిదే వాడేవారని చెప్తే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. రొట్టెల పొయ్యి సంగతి ఇంకా ముచ్చటైంది. చల్లారిన పొయ్యిని మొదట రాజేసే ఇంటికి కట్టెలు ఎక్కువ ఖర్చవుతాయి కాబట్టి ఆ వంతు ఎవరిదో చీటీలు వేసి తేల్చుకునేవారట. మనుషులు ఎక్కడైనా మనుషులే. కట్టె దగ్గర కక్కుర్తి లేని ఊరు ఉండదు.

నేనెప్పుడూ చూడని ఊరు. అయినా కొన్నాళ్ళకి దాని సందులన్నీ నాకు తెలిసిపోయాయి. కిటికీలోంచి చూస్తే ఎండలో తెల్లబడ్డ ఇసుక, కడుతున్న ఇళ్ళు, నీళ్ళ ట్యాంకరు. లోపల మేమిద్దరం ఆ ఊటనీళ్ళ చప్పుడు గురించి మాట్లాడుకునేవాళ్ళం.

తెలుగు నేర్పమని ఆవిడే అడిగింది. భాషలంటే పిచ్చి. "ఒసే" మానిపించి, "ఏమండీ" నేర్పాను. ఒకరోజు నోట్సు రాసుకుంటూ ఆగి, "మీ అత్త ఒకసారి 'మా ఊరు' అంటుంది, ఒకసారి 'మన ఊరు' అంటుంది. రెండూ ఒకటే కదా?" అని అడిగింది. ఒకటి కాదన్నాను. మీతో మాట్లాడుతూ నేను నరసాపురం వైపుని 'మా ఊరు' అంటాను, ఎందుకంటే అందులో మీరు లేరు. అత్తతో మాట్లాడుతూ 'మన ఊరు' అంటాను, ఎందుకంటే అందులో అత్త కూడా ఉంది. వినేమనిషిని బయట నిలబెడితే 'మా'. లోపలికి పిలిచి పీట వేస్తే 'మన'.

వాళ్ళ భాషలో రెంటికీ ఒకటే మాటట. ఆవిడ పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత నావైపు తిరిగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, "అయితే ఫ్రాన్స్‌లో... మన ఊరు" అంది. తెలియక అన్నది కాదు. తేడా తెలుసుకుని, ఎంచుకుని అన్న మాట. దేశం కాని దేశంలో, నన్నొకరు వాళ్ళ ఊళ్ళోకి పిలిచి పీట వేశారు.

ఆ తర్వాత ఆవిడ నోట ఎప్పుడూ 'మన ఊరే'. మన ఊళ్ళో మంచు పడిందట, మన ఊరి చర్చి గంట పాడైందట. మా బిల్డింగ్ వాచ్‌మన్ జగిత్యాల వైపు మనిషి. ఒకరోజు లిఫ్టు దగ్గర ఈ మాటలు విని ఆవిడ వెళ్ళేదాకా నవ్వు ఆపుకున్నాడు.

"మేడం, గామె ఫ్రాన్స్‌ల ఊరును పట్టుకొని మనూరు, మనూరు అంటున్నది. గది మనకెట్లయితది?"

"ఆవిడ మనసు పెద్దదిలే," అన్నాను.

"గట్లయితే మంచిదే. మావోళ్ళకైతే ఖతర్ అని ఎంత చెప్పినా దుబాయే అంటరు. గామె నయం, నేర్పితె నేర్చుకుంటది," అన్నాడు.

ఈ మాట అత్తకి చెప్తే అత్త నవ్వలేదు. "ఊరంతా చుట్టాలే, ఉట్టికట్ట తావు లేదు అని ఊరికే అన్నారా? చూసుకో," అంది. అత్త అనుమానం పుట్టుకతో వచ్చిందిలే అని నేను పట్టించుకోలేదు.

ఒక శుక్రవారం ఆవిడ ఒక పలచటి కాగితం పొట్లం తెచ్చింది. విప్పితే అరచేయంత లేసు ముక్క, పసుపు రంగుకి తిరిగి, అంచులు ఎలుకలు కొరికేసి. వాళ్ళ చర్చిలో పూజబల్ల మీద ఏడాదికొకసారి, ఊరి పండగ రోజున, ఒక లేసుగుడ్డ పరిచేవారట. దాన్ని అల్లింది ఆవిడ అమ్మమ్మ. ఆ ఊళ్ళో లేసు అల్లిన ఆఖరి మనిషి ఆవిడే. గుడ్డ వీళ్ళింటి పెట్టెలోనే ఉండేది. ఇల్లు తాళం వేసి ఉండగా కప్పు కారి, బూజు పట్టి, చివరికి ఈ ముక్క, గుడ్డ మొత్తం కనపడే ఒక పాత ఫోటో మిగిలాయి.

"ఊళ్ళో ఎవరికీ ఇంకా చెప్పలేదు," అంది. సిగ్గుపడి దాచుకుంది పాపం అనుకున్నాను.

రేవు కప్పు ఒరిగిపోయిందట. బాగుచేయడం దండగ, కూల్చి కార్లు నిలుపుకునే చోటు చేద్దామని ఊరిపెద్దలు కొందరంటున్నారట. పాత కట్టడాలు కాపాడే ఆఫీసువాళ్ళు వచ్చే పండగకి చూడ్డానికి వస్తారట. ఆ రోజు రేవులో ఊరి పాత వస్తువులన్నీ పెట్టి, మధ్యలో ఆ గుడ్డ పరిస్తే రేవు బతుకుతుందని ఆవిడ ఆశ. "మీరు అల్లగలరా?" అని అడిగింది.

నేను ఆ ముక్కని ఫోనులో అత్తకి చూపించాను. అత్త కళ్ళజోడు పెట్టుకుని, "వెనక్కి తిప్పు. వెలుతురుకి పట్టు. ఊఁ, ఇంకాస్త దగ్గరికి," అని గదమాయించి, చివరికి పెద్దగా నవ్వింది. "ఇది మన చింతాకే కదే!"

ఫ్రెంచావిడ దాన్ని గోధుమ కంకి అంది. మా వైపు చింతాకు అంటాం. మధ్యలో ఈనె, రెండు వైపులా చిన్న చిన్న రేకులు. ఈనె తిప్పే దగ్గర చింతాకంత తేడా ఉంది, అంతే. అందులో వింతేమీ లేదు. మా వైపుకి ఈ పని తెచ్చింది పూర్వం సముద్రం దాటొచ్చిన దొరసానులేనని మా ఇంట్లో చెప్పుకునేవారు. అత్త దానికో అందమైన మాట కూడా కలిపింది. "అయితే లేసు పుట్టింటికి వెళ్తోందన్నమాట. సారె పెట్టి పంపాలే. అంచు నేను అల్లుతాను. నడిమి జాలీ నువ్వు అల్లు. దేవుడి గుడ్డ, స్నానం చేసి ముట్టుకో. ఏ దేవుడైతే ఏంటి, ఎంగిలి చెయ్యి పెట్టకు."

అత్త అంత తొందరగా ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది, తన లేసు ఏ ఊరికి వెళ్తోందో అత్తకి తెలియడం ఇదే మొదటిసారి. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి ఈనాటిదాకా అత్త అల్లిన లేసు ఎన్ని దేశాలు వెళ్ళిందో లెక్కలేదు. లేసు తీసుకెళ్ళే ఏజెంటు సైకిలు మీద వచ్చేవాడు, తర్వాత మోటారు సైకిలు మీద, తర్వాత కారులో. మనుషులు మారారు గానీ తీరు మారలేదు. గుడ్డని వెలుతురుకి పట్టి, ఎక్కడో ఒక కుట్టు చూపించి, "తప్పుంది" అని పక్కన పడేసేవాడు. అత్త అల్లినదాని మీద అత్త పేరు ఏనాడూ లేదు. తప్పుంటే మాత్రం అత్తదే.

అందుకే నేను ఫ్రెంచావిడని ఒకటే అడిగాను. గుడ్డ పక్కన చిన్న కార్డు పెట్టి, దాని మీద మా అత్త పేరు రాయించాలి. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "తప్పకుండా. మీ పేరు, అత్త పేరు, మీ ఊరి పేరు. మన ఊరి రేవులో," అంది. ఆ మాట అత్తకి చెప్పాను. అత్త "సరేలే" అని ఫోను పెట్టేసింది. మర్నాటికి మాత్రం మా ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది, ఫ్రాన్సు గుళ్ళో అత్త పేరు రాస్తున్నారని.

దారం కోసం ఫరీజ్ బిన్ మహమూద్‌లో కుట్టుసామాను కొట్లన్నీ తిరిగాను. అంత సన్నం దారం ఎవరి దగ్గరా లేదు. ఒక కొట్టతను నేను నోరు విప్పకముందే "మాఫీ, మాఫీ", అంటే లేదు లేదు, అనేశాడు. చివరికి అత్తే నరసాపురం నుంచి దారం ఉండలు పంపింది. సెలవుకి వెళ్ళిన మా ఆయన పెట్టెలో, ఆవకాయ జాడీ పక్కన, అవీ, అత్త అల్లిన అంచూ వచ్చాయి. పాత దుప్పటి ముక్కలో చుట్టి, పైన తులసి ఆకు పెట్టి పంపింది.

ఆ అంచు పరిచి చూసుకున్న రోజు నాకు అత్త మీద ఉన్న చిన్నప్పటి కోపాలన్నీ పోయాయి. ఆకు పక్కన ఆకు, వానకి తడిసిన చెట్టుని చూసినట్టుంది. ఫ్రెంచావిడ వేలితో ఒక్కొక్క ఆకూ తడుముతూ వెళ్ళి ఒక మూల ఆగింది. "ఇక్కడ ఒక రేకు తక్కువ ఉంది," అంది.

"అది దిష్టాకు," అని చెప్పాను. మా ఇంట్లో ఆచారం అది. పని మరీ నిండుగా కుదిరితే కళ్ళు పడతాయి. పసిపిల్లకి బుగ్గన చుక్క పెట్టినట్టు, లేసులో ఒక ఆకుకి ఒక రేకు తక్కువ పెడతాం. అది మర్చిపోయింది కాదు, కావాలని వదిలింది. ఏజెంటు తప్పని పడేసినా అత్త దాన్ని మానలేదు. చూసేవాళ్ళ కన్ను ఆ ఒక్క ఆకు మీద పడితే తక్కినదంతా చల్లగా ఉంటుంది.

ఆవిడకి ఎంత నచ్చిందో చెప్పలేను. లోపలికి వెళ్ళి నా కాటుక డబ్బా తెమ్మని, తన బుగ్గ చూపించి, తనకూ చుక్క పెట్టమంది. పెట్టాను. ఆ చుక్కతోనే సాయంత్రందాకా మా ఇంట్లో తిరిగింది.

వేసవి వచ్చేసరికి గుడ్డ తయారైంది. అంచునీ నడిమి జాలీనీ కలిపి, ఉతికి, గంజి పెట్టి, పిన్నులు గుచ్చి ఆరబెట్టాను. సెలవులకి ఊరెళ్తూ ఆవిడ దాన్ని చేతిసంచిలోనే పెట్టుకుంది, పెద్ద పెట్టెలో పెట్టనంది. గుమ్మంలో నన్ను గట్టిగా వాటేసుకుని, "మన ఊరికి వెళ్ళొస్తా" అంది.

ఆ వేసవంతా అత్త ఒకటే అడిగేది, "పరిచారంటా? పేరు రాశారంటా?" అని. పండగ బాగా జరిగిందని ఫ్రెంచావిడ ఒక మెసేజ్ పెట్టింది. ఫోటోలు మాత్రం పంపలేదు. వచ్చాక చూపిస్తుందిలే అనుకున్నాను.

సెలవుల తర్వాత తిరిగొచ్చింది. వెస్ట్ బేలో ఒక హోటల్ హాల్లో ఇక్కడి ఫ్రెంచివాళ్ళు తమ తమ ఊళ్ళ గురించి ఒక సాయంత్రం చిన్న సభ పెట్టుకున్నారు. ఆవిడ తన ఊరి గురించి మాట్లాడుతుందట, సినిమా కూడా చూపిస్తుందట. నన్ను రమ్మంది. నేను నా పట్టుచీరల్లో మంచిది తీసి కట్టుకున్నాను. అత్త పేరు చదివేటప్పుడు నేను లేచి నిలబడాల్సి వస్తుందేమో కదా. అత్తకి చూపించడానికి ఫోనులో రికార్డు చేద్దామని ముందు వరసలో కూర్చున్నాను.

దీపాలు తగ్గించారు. తెర మీద రేవు కనపడింది. నిజంగా కనపడింది! ఏటవాలు రాళ్ళు, గడ్డి పెట్టెలు, దుంగల ఆసరాతో నిలబెట్టిన కప్పు. మధ్యలో బల్ల మీద మా గుడ్డ. ఫోను ఇంకాస్త పైకెత్తి పట్టుకున్నాను. గుడ్డ పక్కన కార్డు ఉంది. దాని మీద ఒకే ఒక పేరు. ఫ్రెంచి రాకపోయినా, మా అత్త పేరులో అక్షరాలు నాకు తెలుసు. అవేవీ అందులో లేవు.

ఫ్రెంచావిడ తెర పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పుకుపోతోంది. ఇది మా అమ్మమ్మ చేతిపని. ఇన్నేళ్ళూ మా ఇంటి పెట్టెలో భద్రంగా ఉంది. అంత పాతదైనా చూడండి, ఎంత తెల్లగా ఉందో. ఈ గుడ్డని చూశాకే ఆఫీసువాళ్ళు రేవుని కూల్చొద్దన్నారు. హాలంతా చప్పట్లు. తర్వాత ఆవిడ వేలు తెర మీద అంచు వెంట జరిగి ఒక మూల ఆగింది.

"ఈ ఆకు చూడండి. ఒక రేకు తక్కువ. ఇది మా అమ్మమ్మ చేసిన ఒకే ఒక్క తప్పు. ఆ చలికాలం మా తాతయ్య పోయాడు. కన్నీళ్ళలో కుట్టు కనపడలేదు."

నా వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. నేను ఫోను అలాగే పట్టుకుని ఉన్నాను. దించాలని కూడా తోచలేదు. నా కాటుకతో చుక్క పెట్టించుకున్న బుగ్గ అది. ఆ రోజు ఎంత శ్రద్ధగా విందో, ఆ శ్రద్ధ ఇందుకని నాకేం తెలుసు?

అయిపోయాక జనం చుట్టూ మూగారు. ఆవిడ వాళ్ళని తప్పించుకుని నా దగ్గరికి వచ్చింది. తడబాటు లేదు. మొహం వెలిగిపోతోంది. పక్కనున్నవాళ్ళు వినేలా, ముచ్చటగా, తెలుగులో అడిగింది.

"మా ఊరు బాగుందా?"

వ్యాకరణం తప్పులేదు. నేను నేర్పిందే. నన్ను బయట నిలబెట్టి సరిగ్గా అడిగింది. బాగుందని చెప్పి, పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని బయటికొచ్చి, టాక్సీలో వుకైర్ దాకా ఏడ్చాను. డ్రైవరు ఏ దేశంవాడో, టిష్యూ డబ్బా వెనక్కి అందించాడు.

మర్నాడు పొద్దున్నే తలుపు కొట్టింది. చేతిలో కేకు. నేను లోపలికి రమ్మనలేదు. ఎందుకలా చేశారని గుమ్మంలోనే అడిగాను. ఆవిడ ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత బతిమాలింది. గుడ్డ పాడైందని చెప్పే ధైర్యం లేకపోయిందట. దోహాలో ఒక భారతీయురాలు అల్లిందని తెలిస్తే అది ఊరి వారసత్వం కాదంటారట, రేవు పోతుందట. ఒక్క పేరు కోసం అంత పాత రేవుని పోగొట్టుకుంటామా? నాకు ఈ మాత్రం అర్థం కాదా?

"మన ఊరి కోసమే చేశాను," అంది, తెలుగులో.

అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. "పనికి మన, పేరుకు మా," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమంది. చెప్పలేదు. మా గోదావరి ఒడ్డున ఒక సామెత ఉంది, ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని. అది కూడా చెప్పలేదు. ఈవిడకి నేర్పిన తెలుగు చాలు.

వెళ్ళబోతూ ఆగింది. నేలచూపులు చూస్తూ, చర్చిలో పక్కబల్లకి చిన్న గుడ్డ ఒకటి కావాలని ఊరివాళ్ళు అడుగుతున్నారని చెప్పింది. అమ్మమ్మ పెట్టెలో ఇంకోటి ఉందేమో వెతుకుతానని వాళ్ళతో అందట. "మీ అత్తని అడుగుతారా?" అంది. నేను తలుపు వేసేశాను. కేకు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

ఆ రోజు కిందికి వెళ్తే వాచ్‌మన్ ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించాడు. "ఏం మేడం, మనూరు ఎట్లున్నదట?"

"అది వాళ్ళ ఊరు," అన్నాను. నా మొహం చూసి అతను నవ్వు ఆపేశాడు. కుర్చీ జరిపి దారిచ్చాడు.

మధ్యాహ్నం అత్త ఫోను. "ఒసే, రికార్డు చేశావంట కదా, మీ ఆయన చెప్పాడు. నాకు పంపకుండా ఏం చేస్తున్నావే? ఇక్కడ అందరూ వచ్చి కూర్చున్నారు." నిజంగానే అత్త వెనక అరుగు మీద ఆడవాళ్ళు కనపడ్డారు, చేతుల్లో లేసులతో. తర్వాత పంపుతానని, ఫోను పాడైందని, నాకు తోచినవన్నీ చెప్పాను. అత్త దగ్గర నా అబద్ధాలు ఏనాడు నిలిచాయి కనక? పంపక తప్పలేదు.

కాసేపటికి అత్త మళ్ళీ ఫోను చేసింది. ఈసారి వెనక ఎవరూ లేరు. వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నట్టుంది. కేక కూడా లేదు. మా కారిడార్‌లో వినపడనంత చిన్నగా మాట్లాడింది.

"కార్డు మీద నా పేరు లేదు కదే."

"లేదత్తా."

"పోనీలే. ఎప్పుడుంది గనక?" అంది. ఆగి, "ఆవిడ వేలు పెట్టి నా దిష్టాకు చూపించింది. అందరూ అయ్యో అన్నారు. ఏమని చెప్పిందే?" అని అడిగింది.

ఇంగ్లీషు రాకపోయినా అత్తకి వేలు ఎక్కడ ఆగిందో తెలుసు. ఆ ఆకు ఆవిడదే కదా.

"చెప్పవే."

చెప్పాను. అమ్మమ్మ అల్లిందట, ఏడుస్తూ అల్లిందట, కుట్టు తప్పిందట.

అత్త మొహం ఫోనులో కదలకుండా ఉండిపోయింది. కాల్ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు.

"తప్పందా?" అంది.

"అత్తా..."

"పేరు తీసుకుంటే తీసుకుంది. నా ఆకుని తప్పందా? ఆ సైకిలువాడు అన్నాడంటే వాడికి తెలియదు. దీనికి తెలుసు కదే. నువ్వు విడమరిచి చెప్పావు కదా. తెలిసి తెలిసి తప్పందా?"

అత్త ఏడవడం నేను రెండోసారి చూశాను. మొదటిసారి మామయ్య పోయినప్పుడు. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంటుంటే ఇక్కడ నేనూ తుడుచుకున్నాను. ఆ కోపంలో నేనే నోరు జారాను, సిగ్గు లేకుండా ఇంకో గుడ్డ కూడా అడుగుతోందని.

అత్త తల ఎత్తింది. కళ్ళజోడు తీసి, చీర కొంగుతో అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"ఇంకోటి అడిగిందా?"

"అడిగింది. తలుపు వేసేశాను."

"తియ్యి. అల్లి ఇస్తామని చెప్పు. అంచు నేనే పంపుతాను. మూల మూలా నిండుగా, ఒక్క రేకు తగ్గకుండా అల్లుతాను. తప్పుల్లేని గుడ్డ కావాలి కదా ఆవిడకి."

"ఏంటత్తా ఇది?"

"ఈసారి దిష్టాకు పెట్టనే," అంది అత్త. "తగిలితే తగలనీ."